గనకార్యం: పొగిడినట్టా, దెప్పినట్టా?

మా చిన్నాయన కొడుక్కి ఉద్యోగం వచ్చిందని తెలిసి, "ఘనకార్యం చేసినావు తమ్ముడా" అని మెసేజ్ పెట్టినాను. గంటకు జవాబొచ్చింది: "ఏమన్నా, ఎగతాళి చేస్తా ఉండావా?"

తప్పు వానిది కాదు. మా గుడిబండెలో ఈ మాట వినబడేదే దెప్పడానికి. "ఏం గనకార్యం చేసినావని అట్ల నీలుగుతా ఉండావు?" అంటారు. ఒత్తు పోయి 'ఘ' కాస్తా 'గ' అవుతుంది, దాంతోపాటు గౌరవమూ పోతుంది. మాటల పట్టిక రాసేవాళ్లు 'ఘనకార్యం = గొప్ప పని' అని రాసి ఊరుకుంటే సగమే చెప్పినట్టు.

కన్నడం కలిసి మాట చెడిందనేవాళ్లూ ఉండారు. నేను ఒప్పుకోను. ఆంధ్రలోనూ "నీ ఘనకార్యం చాల్లే" అంటారు. కన్నడంలోనూ 'ఘనకార్య', 'ఘనందారి కెలస' దెప్పే మాటలే. ఎదుటి మనిషి బడాయికి కళ్లెం వేయాలంటే పెద్ద మాటనే తిరగేసి కొట్టడం రెండు భాషల్లోనూ ఉంది.

తేడా ఇంకోచోట ఉంది. ఆంధ్రలో పేపరు తెరిస్తే ఘనవిజయం, ఘనస్వాగతం, ఘనత కనబడతాయి. 'ఘన' అనే మాటకు ఆ గౌరవం అక్కడ నిలిచింది. మాకు బడి కన్నడం, సన్మాన సభ కన్నడం. మైకులో పొగడాలంటే 'సాధనె' అంటారు. ఇంట్లో దెప్పాలంటే గనకార్యం. పొగడ్త కన్నడానికి పోయి, ఎగతాళి ఒకటే తెలుగుకు మిగిలితే, మన పిల్లోళ్లకు తెలుగు తిట్టే భాషగానే తెలుస్తుంది. నాకు బాధ అక్కడ.

అయితే దారి మూసుకుపోలేదు. గుడిబండె కొండెక్కి కింద అమానిబైరసాగరం చెరువును చూస్తే, "ఘనమైన పని చేసిపోయినారప్పా" అని ఎవరైనా అనొచ్చు. అందులో ఎగతాళి లేదు. మాట అదే, విడదీసి అంటే చాలు: కలిపితే దెప్పు, విడదీస్తే మెప్పు.

తమ్మునికి మళ్లీ రాసినాను: "ఘనమైన పని చేసినావురా." ఈసారి ఫోన్ చేసి మాట్లాడినాడు.