ష్రూస్‌బరీయా, ష్రోస్‌బరీయా?

ఎ.ఇ. హౌస్‌మన్ ‘ఎ ష్రాప్‌షర్ లాడ్’ (1896)లో తొమ్మిదో కవితని తెలుగులోకి తెద్దామని కూర్చుని, ఒక ఊరి పేరు దగ్గర ఆగిపోయాను. వెన్నెల రాత్రి, పక్కన గొర్రెలు మేస్తుంటాయి. తెల్లారితే ఉరికంబం ఎక్కబోయే కుర్రాడి గురించి ఒకతను ఆలోచిస్తుంటాడు. ఆ కుర్రాడున్న జైలు ష్రాప్‌షర్ ముఖ్యపట్టణంలో ఉంది. ఆ పట్టణం పేరెలా రాయాలి?

స్పెల్లింగు ఒకటే. పలకడం మాత్రం ఆ ఊళ్ళోనే రెండు రకాలు: ష్రూస్‌బరీ, ష్రోస్‌బరీ. ‘ర’ని కూడా మింగేసి షూస్‌బరీ అనేవాళ్ళూ ఉన్నారు. ‘ష్రో’ అనేది 1552 నాటి అక్కడి పెద్ద స్కూలు వాళ్ళ మాటగా, కాస్త దొరల పలుకుగా పేరుపడింది. ‘ష్రూ’ అంటే మామూలు జనం మాట.

ఇంగ్లీషు పాఠకులకి ఈ తంటా లేదు. వాళ్ళ స్పెల్లింగు గోడమీద పిల్లి. ఎవరి నోటికొచ్చినట్టు వాళ్ళు చదువుకుంటారు. మన లిపి అలా ఊరుకోదు, ఏదో ఒకటి తేల్చమంటుంది. లండన్ వైపు ‘బాత్’ అని దీర్ఘం తీసే ఊరిని ఉత్తరాదివాళ్ళు పొట్టిగా ‘బ్యాత్’ అంటారు. మనం రాసే ‘న్యూకాసిల్’ దక్షిణాది పలుకు. ఆ ఊరివాళ్ళది ‘న్యూక్యాసిల్’, అదీ ‘క్యా’ని ఒత్తి పలుకుతారు. ఆ ఒత్తి పలకడాన్ని చూపించే గుర్తు మనకి లేదు.

ఇదంతా చాదస్తం అనిపించొచ్చు. కానీ 1930లో బీబీసీ, ఇంగ్లండు ఊళ్ళ పేర్లు ఎలా పలకాలో అనౌన్సర్లకి చెప్పడానికి ఒక పుస్తకమే వేసింది. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో హాలిఫాక్స్‌లో పుట్టిన విల్‌ఫ్రెడ్ పికిల్స్ యార్క్‌షర్ యాసతో జాతీయ వార్తలు చదివితే శ్రోతలు కొందరు అభ్యంతరం చెప్పారు. ఏ నోరు ‘సరైనది’ అన్న తగువు అది.

మన అనువాదాల్లో ఈ తగువు కనిపించదు. నిఘంటువులో మొదట ఉన్నది చూసి రాసేస్తాం. నేనూ అదే చేసేవాణ్ణి. హౌస్‌మన్ పుట్టింది పక్కనున్న వూస్టర్‌షర్‌లో, పని లాటిన్ ప్రొఫెసరుగా. ఆయనెలా పలికేవాడన్నది ఒక ప్రశ్న. కవితలో మాట్లాడేది మాత్రం ఆయన కాదు, గొర్రెల మధ్య రాత్రి గడిపే మనిషి. అతని నోట ‘ష్రోస్‌బరీ’ అనిపిస్తే, ఇవాళ్టి చెవికి అతను ఆ కుర్రాడి పక్కనుంచి లేచి జడ్జి పక్కన కూర్చున్నట్టుంటుంది.

ష్రూస్‌బరీ అనే రాశాను. రేపు ఎవరైనా తప్పంటే, ఎవరి నోటి ప్రకారం తప్పో అడుగుతాను.