రచయిత దాటిపోయిన చోట చిత్రకారుడు

‘ట్రెజర్ ఐలాండ్’ నవలలో జిమ్ హాకిన్స్ అనే కుర్రాడు నిధి వేటకు బయల్దేరుతూ తల్లి దగ్గర సెలవు తీసుకుంటాడు. ఆ సంగతిని రచయిత స్టీవెన్‌సన్ ఒక్క వాక్యంలో దాటేశాడు. 1911లో స్క్రిబ్నర్స్ ప్రచురణ కోసం బొమ్మలు వేసిన ఎన్.సి. వయెత్ మాత్రం అక్కడే ఆగాడు. ఆయన బొమ్మలో జిమ్ మూట పట్టుకుని మనవైపు నడిచి వస్తుంటాడు. వెనక ఎండకు మెరిసే ఇంటి గోడ, ఆ గోడ దగ్గర ముఖం కప్పుకుని ఏడుస్తున్న తల్లి. కొడుకు వెనక్కి తిరిగి చూడడు. ఆ తల్లి కన్నీళ్ల ప్రస్తావన నవలలో లేదు.

ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో అమెరికన్ కథల పుస్తకాల్లోనూ పత్రికల్లోనూ వికసించిన చిత్రకళ బలం ఇదే. కథలో ఉన్నదాన్నే మళ్లీ గీయకుండా, కథ వదిలేసిన ఖాళీని వెతికి పట్టుకోవడం.

వయెత్‌కు ఈ పట్టు నేర్పిన గురువు హోవర్డ్ పైల్. 1894లో ఫిలడెల్ఫియాలోని డ్రెక్సెల్ సంస్థలో పాఠాలు మొదలుపెట్టి, 1900లో విల్మింగ్టన్‌లో సొంత బడి తెరిచాడు. అక్కడ శిష్యుల దగ్గర ఫీజు తీసుకోలేదు. పాత్ర పడే బాధ ముందు నీకు తెలియాలి, కుంచె సంగతి తర్వాత అన్నది ఆయన బోధన సారం. దెబ్బ పడే క్షణం కన్నా పడబోయే క్షణం గీయమనేవాడు. వయెత్ వేసిన మరో బొమ్మలో జిమ్ ఓడ స్తంభం మీద కూర్చుని పిస్తోళ్లు గురిపెట్టి ఉంటాడు. కత్తి పళ్ల మధ్య కరచుకుని హ్యాండ్స్ అనే సముద్రపు దొంగ తాళ్లు పట్టుకుని పైకెక్కుతుంటాడు. తుపాకీ ఇంకా పేలలేదు. అందుకే పాఠకుడు గబగబా పేజీ తిప్పుతాడు.

ఆ రోజుల అచ్చు పద్ధతి కూడా ఈ శైలిని మలిచింది. అంతకుముందు చిత్రకారుడి గీతను చెక్కుడు పనివాడు చెక్క దిమ్మె మీద చెక్కితేనే అచ్చయ్యేది. హాఫ్‌టోన్ వచ్చాక తైలవర్ణ చిత్రాన్ని ఫొటో తీసి, చుక్కలుగా విడగొట్టి, ఒక్కో రంగుకు ఒక్కో ప్లేటుతో అచ్చువేయడం సాధ్యమైంది. వయెత్ ‘ట్రెజర్ ఐలాండ్’ బొమ్మల్ని దాదాపు 4 అడుగుల ఎత్తు కాన్వాసుల మీద వేశాడు. పుస్తకంలో అవి అరచేతి వెడల్పుకు కుదించుకుపోతాయి. చిన్న చిన్న వివరాలు మాసిపోతాయి, మిగిలేవి పెద్ద ఆకారాలే. అందుకే ఒకవైపు చిక్కటి చీకటి, మరోవైపు ఒక్కచోట కుమ్మరించిన వెలుగు.

అందరూ ఇదే దారిలో నడవలేదు. పైల్ శిష్యురాలు జెస్సీ విల్‌కాక్స్ స్మిత్ బొగ్గుతో గీసి, దాని మీద పల్చగా రంగు పూసేది. ఆమె చూపు ఓడల మీద కాదు, ఆటల్లో, చదువులో మునిగిన పిల్లల మీద. 1917 నుంచి 1933 వరకు ‘గుడ్ హౌస్‌కీపింగ్’ పత్రిక ముఖచిత్రాలన్నీ ఆమెవే. పిల్లల్ని ముద్దుబొమ్మలుగా చూపడంతో సరిపెట్టకుండా, తమ లోకంలో లీనమైన మనుషులుగా చూపింది.

గ్యాలరీల కోసం కాక అచ్చు కోసం వేశారన్న కారణంతో ఈ బొమ్మలను చాలాకాలం తక్కువగా చూశారు. అది అన్యాయం. గడువు, పేజీ కొలత, మరొకరి కథ అనే మూడు కట్టుబాట్ల మధ్య సొంత చూపు నిలుపుకోవడం చిన్న విద్య కాదు. నేడు వాటిలో కొన్నింటి అసలు కాన్వాసులు విల్మింగ్టన్‌లోని డెలవేర్ ఆర్ట్ మ్యూజియంలోనూ, చాడ్స్ ఫోర్డ్‌లోని బ్రాండీవైన్ మ్యూజియంలోనూ గౌరవంగా ఉన్నాయి. అయినా వాటి అసలు చోటు పుస్తకమే. మ్యూజియం గడప తొక్కని లక్షల ఇళ్లకు మంచి చిత్రకళను చేర్చింది ఆ పేజీలే. అందుకే కథకు బొమ్మ వేసేవాళ్లను అలంకరణ చేసేవాళ్లుగా కాక, ఆ కథకు తొలి పాఠకులుగా, తోటి రచయితలుగా గుర్తించాలి.