రెండు మరల తేడా

మూతిలోంచి మందు కూరే పిస్టల్‌కు పేలుడు టోపీ తొడిగే నిపుల్ చిన్న ముక్కే. కొలత కలవడమే కష్టం. అమెరికా తరహాదైతే పావు అంగుళం మందం, అంగుళానికి 28 చుట్లు. ఇటలీ తయారీల్లో చాలావాటికి 6 మిల్లీమీటర్లు, మరల ఎడం 0.75. చూపుకు రెండూ కవలలే! బలవంతంగా బిగిస్తే మర చెడుతుంది. పేలినప్పుడు నిపుల్ ఎగిరి మొహానికే తగలొచ్చు.

అందుకే తెలిసినవాడు ముందు గొట్టం మీది ముద్రలు చదువుతాడు. ఇటలీ గార్డోనే పరీక్షశాల గుర్తు పక్కన చిన్న పెట్టెలో రెండక్షరాలుంటే అది పరీక్షించిన ఏడు: ‘ఏఏ’ అంటే 1975.

టెనెసీ రాష్ట్రం యూనియన్ సిటీలో టర్నర్ కర్క్‌లాండ్ 1954లో పెట్టిన డిక్సీ గన్ వర్క్స్ క్యాటలాగ్ ఇలాంటి విడిభాగాల వెతుకులాటకు పెద్ద దిక్కు.

అలా దొరికినా, సుత్తిని ఎత్తిపట్టే సియర్ అనే ముక్క నేరుగా కూర్చోదు. పనివాడు ఆకురాయితో కొద్దికొద్దిగా అరగదీస్తూ, సగం ఎత్తిన సుత్తి ట్రిగ్గర్ నొక్కినా జారడం లేదని తేల్చుకున్నాకే మరలు బిగిస్తాడు.