దస్తావేజు నిజమైతేనే పొలం మనది

యేసు పక్కన సిలువ మీద వేలాడిన దొంగ లేఖనాల గురించి ఏ సిద్ధాంతమూ ఒప్పజెప్పలేదు. కొత్త నిబంధన అప్పటికి పుట్టనే లేదు. తనను జ్ఞాపకం చేసుకోమని అడిగాడు, ఆ రోజే పరదైసులో ఉంటావన్న మాట పొందాడు. బైబిలు దైవావేశం వల్ల కలిగిందని నమ్మనివాడికి రక్షణే లేదని వేదికల మీద గట్టిగా చెప్పే ప్రసంగీకులు ముందు ఈ దొంగకు జవాబు చెప్పాలి. బైబిలులో తప్పు లేదని ప్రకటించడానికే 1978లో చికాగోలో సమావేశమైన ఇవాంజెలికల్ పండితులు కూడా ఆ ఒప్పుకోలు రక్షణకు షరతు కాదని తమ ప్రకటనలో రాశారు. కాకపోతే దాన్ని తోసిపుచ్చితే విశ్వాసికీ సంఘానికీ పెద్ద నష్టం తప్పదని ఆ వెంటనే చేర్చారు. నా దృష్టిలో అసలు విషయం ఆ రెండో మాటలో ఉంది.

నష్టం ఎందుకు? క్రైస్తవులు చెప్పే రక్షణ మనిషి తన లోపల వెతుక్కుని కనుక్కునే జ్ఞానం కాదు. ఫలానా కాలంలో, ఫలానా చోట, ఒక రోమా అధిపతి హయాంలో జరిగిన పని మీద అది నిలబడి ఉంది. విశ్వాస ప్రమాణంలో పొంతి పిలాతు పేరును ఇప్పటికీ ప్రతి ఆదివారం పలుకుతున్నామంటే కారణం అదే. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయంలో పౌలు తాను అందుకున్నదాన్నే అందించానంటాడు. క్రీస్తు మన పాపాల కోసం చనిపోయాడు, సమాధి అయ్యాడు, మూడో రోజున లేచాడు. ఈ మూడు ముక్కల్లోనే లేఖనాల ప్రకారం అని రెండుసార్లు అంటాడు. ఆ తర్వాత సాక్షుల జాబితా ఇస్తాడు: కేఫా, పన్నెండుమంది, ఒకేసారి చూసిన ఐదువందలకు పైగా సహోదరులు. వాళ్లలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారని కూడా చెబుతాడు. ఆనాటి కొరింథువాడికి అనుమానం వస్తే ఓడెక్కి వెళ్లి అడిగి రావచ్చు. మనకు ఆ వీలు లేదు. మన చేతిలో ఉన్నది వాళ్ల సాక్ష్యం, అదీ రాతలో.

ఇంకొంచెం లోతుకు వెళ్దాం. సిలువ దగ్గర నిలబడ్డ సైనికుడు కళ్లతో చూసింది ఒక మరణశిక్ష. అలాంటివి అతడు చాలానే చూసి ఉంటాడు. ఈ మరణం మన పాపాల కోసమే అన్న సంగతి ఎంత దగ్గరగా నిలబడినా కంటికి ఆనదు. ఒక సంఘటన జరిగిందని మనుషులు సాక్ష్యం చెప్పగలరు. అది దేవుడి లెక్కలో ఏమిటో దేవుడు చెబితే తప్ప ఎవరికీ తెలియదు. లేఖనం దైవావేశం వల్ల కలిగింది కాదని అంటే పోయేది ఈ రెండో సగమే. యేసు అనే మంచి మనిషి అన్యాయంగా చంపబడ్డాడన్న చరిత్ర మిగులుతుంది. ఆయన చావుతో నా పాపం తీరిందన్న భరోసా మిగలదు.

పల్లెటూరివాళ్లకు ఈ సంగతి చిటికెలో అర్థమవుతుంది. దస్తావేజు పొలం కాదు. దాన్ని దున్నలేం, అందులో వరి పండదు. అయినా దస్తావేజు దొంగదని తేలిందా, పొలంలో నిలబడ్డవాడి కాళ్లు వణుకుతాయి.

అయితే ఈ దైవావేశం ఎలా పనిచేస్తుందన్న దగ్గరే చాలామంది పొరబడతారు. పై నుంచి ఎవరో చెబుతుంటే ప్రవక్త కళ్లు మూసుకుని రాసుకుపోయాడని అనుకుంటారు. అలాంటివారు యిర్మీయా 36వ అధ్యాయం చదవాలి. యిర్మీయా చెబుతుంటే బారూకు సిరాతో గ్రంథపు చుట్ట మీద రాశాడు. దాన్ని యెహోయాకీము రాజు ముందు చదివారు. చలికాలం, ఎదురుగా కుంపటి మండుతోంది. మూడు నాలుగు పుటలు చదవగానే రాజు చాకుతో ఆ ముక్క కోసి నిప్పులో వేయడం, అలా చుట్టంతా కాలేవరకూ సాగింది. తర్వాత యిర్మీయా మళ్లీ చెప్పాడు, బారూకు మళ్లీ రాశాడు, ఈసారి ఇంకా చాలా మాటలు కలిశాయి. అంటే దేవుడి మాటకు లేఖకుడు ఉన్నాడు, మొదటి ప్రతి ఉంది, దానికంటే పెద్దదైన రెండో ప్రతీ ఉంది. లూకా అయితే కలలో విన్నానని ఎక్కడా అనలేదు. మొదటినుంచీ అన్నీ జాగ్రత్తగా విచారించి వరుసగా రాస్తున్నానని తన సువార్త ముందుమాటలోనే థెయొఫిలుకు చెప్పాడు. రోమా పత్రిక చివర్లో తెర్తియు అనే రాతగాడు మధ్యలో దూరి తన వందనాలు కూడా చెప్పుకున్నాడు. కొరింథులో తాను ఎవరెవరికి బాప్తిస్మమిచ్చాడో లెక్క చెబుతూ పౌలు, స్తెఫను ఇంటివారు గుర్తొచ్చాక, ఇంకెవరికైనా ఇచ్చానేమో తెలియదన్నాడు. ఆ మతిమరుపు కూడా లేఖనంలో భాగమే. నాకు ఇది లోపంగా కనిపించదు. మనుషుల్ని రాతిబొమ్మల్ని చేయకుండా వాళ్ల జ్ఞాపకం, చదువు, భాష, కన్నీళ్లు అన్నీ వాడుకుని దేవుడు తన మాట చెప్పించాడన్నదే పేతురు రెండో పత్రిక మొదటి అధ్యాయం బోధ.

ఆ నమ్మకాన్ని సంఘాలు ఒకేలా చెప్పవు. చికాగో ప్రకటన చరిత్ర, ప్రకృతి విషయాల్లోనూ బైబిలు తప్పదంటుంది. కతోలిక సంఘం 1965లో రెండో వాటికన్ సభలో, మన రక్షణ నిమిత్తం దేవుడు రాయించదలచిన సత్యాన్ని లేఖనం తప్పు లేకుండా బోధిస్తుందని చెప్పింది. ఎవరి మాట ఎంత సరైనదన్న వాదం పండితుల మధ్య ఇంకా నడుస్తూనే ఉంది. అది సాగనివ్వండి.

నమ్మినవాళ్లు ఆ రాతను ఎలా కాపాడారన్నది నాకు అంతకంటే ఆసక్తి. తిబెరియలో పనిచేసిన మసోరెతు అనే యూదు లేఖకులు హెబ్రీ పాఠంలో ఏ పద రూపం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టి అంచుల్లో రాసి ఉంచారు. ఒకచోట రాసినదొకటి, చదవాల్సింది ఇంకొకటి అయితే పాఠంలోని అక్షరాన్ని ముట్టుకోలేదు, చదవాల్సిన రూపాన్ని పక్కన రాశారు. దిద్దాలన్న కోరికను అంచు దగ్గరే ఆపిన చెయ్యి అది. 1947లో మృత సముద్రం దగ్గర కుమ్రాను గుహలో దొరికిన యెషయా చుట్ట ఏడు మీటర్లకు పైగా ఉంది, క్రీస్తుకు ముందు రెండో శతాబ్దం నాటిది. మసోరెతు పాఠానికి పదో శతాబ్దపు నకలైన అలెప్పో ప్రతికీ దానికీ మధ్య దాదాపు వెయ్యేళ్ల ఎడం. తేడాలున్నాయి, ఎక్కువభాగం వర్ణక్రమానివి. 53వ అధ్యాయం 11వ వచనంలో మసోరెతు పాఠంలో లేని వెలుగు అనే మాట ఆ చుట్టలో ఉంది. బాధపడే సేవకుడి గురించిన ఆ అధ్యాయాన్ని యేసు సిలువ తర్వాత ఎవరో కల్పించారనే వాదనకు మాత్రం ఆ చుట్ట చోటివ్వలేదు. మార్కు చివరి పన్నెండు వచనాలు చాలా పాత ప్రతులైన సినాయి, వాటికన్ ప్రతుల్లో లేవన్న సంగతినీ దాచకుండా చెప్పుకోవాలి. దేవుడి మాట అని నమ్మేవాడే ఏది ఆ మాటో తేల్చుకోవడానికి భయపడకూడదు.

చదవడంలోనూ పద్ధతి ఉంది. గాజా దారిలో రథం మీద కూర్చుని ఇదే యెషయా 53 చదువుతున్న ఐతియొపీయుడైన అధికారి, ఎవరైనా చెప్పకపోతే ఎలా అర్థమవుతుందని ఫిలిప్పును అడిగాడు. వచనం నోటికి రావడం చాలదు. యోబు గ్రంథంలో ఎలీఫజు, బిల్దదు, జోఫరు అధ్యాయాలకు అధ్యాయాలు మాట్లాడారు. ఆఖర్లో దేవుడు వాళ్లు సరిగా మాట్లాడలేదని కోప్పడ్డాడు. వాళ్ల మాటలూ దైవావేశ గ్రంథంలోనే ఉన్నాయి, వాటిలో ఒకటి విడిగా తీసి గోడకు తగిలిస్తే దేవుడు తప్పన్నదాన్నే పూజించినట్టు. అరణ్యంలో సాతాను యేసుకు 91వ కీర్తనే చదివి వినిపించాడు. యేసు ఆ కీర్తనను తోసేయలేదు. ద్వితీయోపదేశకాండం నుంచి ఇంకో మాట తీసి దాని పక్కన పెట్టాడు. లేఖనాన్ని లేఖనంతోనే చూడాలన్న పద్ధతికి అంతకంటే పాత క్రైస్తవ ఉదాహరణ అక్కర్లేదు.

మన తెలుగు సంఘాల్లో డిసెంబరు 31 రాత్రి ఆరాధన తర్వాత వాగ్దాన కార్డులు పంచుతారు. యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం తరచూ కనిపిస్తుంది, మేలైన ఉద్దేశాలు, నిరీక్షణ అని. దానికి ముందు వచనంలో బబులోను చెరలో డెబ్బై ఏళ్లు గడవాలని ఉంది. అంతకు ముందు, పరాయి ఊళ్లోనే ఇళ్లు కట్టుకుని తోటలు నాటుకోండని ఉంది. ఈ అధ్యాయం చెరలో ఉన్నవాళ్లకు యిర్మీయా పంపిన పత్రం. దాన్ని అందుకున్న చాలామంది తిరిగి యెరూషలేము చూడకుండానే చనిపోయారు. ఆ పత్రం వాళ్లకు నిరీక్షణ ఇచ్చింది, తొందర తీర్చలేదు. ఈసారి మీకు ఆ కార్డు వస్తే దాచుకునే ముందు అధ్యాయం మొత్తం చదవండి. 32 వచనాలే, పది నిమిషాలు చాలు.