సెలోపెహాదు కుమార్తెలు, కొండ గ్రామపు పెద్దలు: సంఖ్యాకాండము 27, 36 అధ్యాయముల బోధపై ఒక విమర్శ

సెలోపెహాదు కుమార్తెల వృత్తాంతమును మన సంఘములలో బోధించుచున్న తీరును, అనకాపల్లి జిల్లా కొండ గ్రామముల నేపథ్యములో పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన ఈ జిల్లాలో రావికమతం, రోలుగుంట, గొలుగొండ, మాడుగుల, చీడికాడ, దేవరాపల్లి మండలముల కొండవాలులలో కొండదొరలు మొదలగు గిరిజనులు నివసించుచున్నారు. పెండ్లి ఎవరితో చేయవలెను, భూమి ఎవరికి చెందును, తగవు ఎవరు తీర్చవలెను అను ప్రశ్నలకు అక్కడ కుటుంబము, వంశము, కులపెద్దలే తొలి న్యాయస్థానము. సంఖ్యాకాండములోని ఈ రెండు అధ్యాయములు సరిగా ఈ మూడు ప్రశ్నలనే విచారించుచున్నవి. అయినను మన బోధ వాటిని దాటిపోవుచున్నదని మా అభిప్రాయము. దీనికి మన బైబిలు తెలుగులోని రెండు మాటలు కొంత కారణము.

1. ‘గోత్రము’ అను మాట

హెబ్రీ భాషలో ‘మత్తే’ అనగా ఇశ్రాయేలు పన్నెండు భాగములలో ఒకటి. దానిలో ‘మిష్పాహా’ అను వంశములు, వాటిలో ‘బేత్ ఆబ్’ అను పితరుల కుటుంబములు గలవు (యెహోషువ 7:14). తెలుగు అనువాదకులు ‘మత్తే’ను గోత్రమనిరి. అయితే కొండవాసికి గోత్రము అనగా ఒకే మూలపురుషుని, ఒకే గురుతును పంచుకొను రక్తబంధువుల గుంపు. విశాఖ మన్యమంతట వినబడు కిల్లో, గొల్లోరి, పాంగి అను వంశనామములు పులిని, కోతిని, గద్దను సూచించును. ఒకే వంశమువారు అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు. వారి మధ్య వివాహము మహా దోషము. మేనరికము సమ్మతము.

ఇట్టి శ్రోత యెదుట సంఖ్యా 36:6-11 చదివినప్పుడు ఏమగును? తండ్రి గోత్రములోనే పెండ్లాడవలెనను కట్టడ వినబడును. ఆ అయిదుగురు తమ తండ్రి సహోదరుల కుమారులను పెండ్లాడిరని వినబడును. అనగా పెదనాన్న, చిన్నాన్న కొడుకులను! కొండవాసులకే కాదు, మైదానపు తెలుగువారికిని వీరు అన్నదమ్ములే. ఈ ఇబ్బందిని వివరింపక ముందుకు సాగిన బోధకుడు రెండు ప్రమాదములు తెచ్చిపెట్టును. బైబిలు వావివరుసలు లేని గ్రంథమని కొందరు తలంతురు. విశ్వాసికి వంశ నియమము అక్కరలేదని మరికొందరు తలంతురు. ఇశ్రాయేలు గోత్రము పెండ్లి వరుసను నిర్ణయించు గుంపు కాదనియు, అది భూమిని నిలుపుకొను గుంపనియు ముందుగా చెప్పుట కాపరి బాధ్యత.

2. ‘స్వాస్థ్యము’ అను మాట

హెబ్రీ ‘నహలా’ అనగా వంశమునకు చెందిన భూమి. తెలుగు బైబిలులోని స్వాస్థ్యము అను మాట సంఘ వాడుకలో క్రమముగా పరలోకమునకు ఎత్తబడినది. అందుచేత ఈ భాగముపై ప్రసంగములు తరచుగా “నీ ఆశీర్వాదమును అడిగి పొందుము” అను పిలుపుతో ముగియుచున్నవి. ఆ అయిదుగురు అడిగినది నేల. యెహోషువ 17:3-6 ప్రకారము వారు పొందినదియు నేలయే. పోడు భూమికి వారసత్వము లేని ఒక కుమార్తె ఆ ప్రసంగము విని ఏమి తీసికొని ఇంటికి పోవును?

3. మార్పు చెందిన కట్టడ

మన పెద్దలలో కొందరు కులపంచాయితీని అన్యాచారమని త్రోసివేయుదురు. మరికొందరు యువ పండితులు దానిని మచ్చలేని సమానత్వమని కీర్తింతురు. రెండును తొందరపాటే. మోషేకు న్యాయాధిపతుల ఏర్పాటు నేర్పినవాడు మిద్యాను యాజకుడైన యిత్రో (నిర్గమ 18) అని మొదటివారు గుర్తింపవలెను. రెండవవారు గమనింపవలసినది మరొకటి. పెద్దల సభలో సాధారణముగా పురుషులే కూర్చుందురు. తప్పు కట్టించుటలోను, ఓలి తిరిగి ఇప్పించుటలోను స్త్రీ మాట వారి ద్వారానే వినబడును.

సంఖ్యాకాండములో జరిగినదేమి? స్త్రీలు తామే మోషే, యాజకుడు, ప్రధానులు, సర్వసమాజము యెదుట నిలిచి మాటలాడిరి (27:2). మోషే తీర్పు వెంటనే చెప్పక దేవుని సన్నిధికి తీసికొనిపోయెను. వారి మాట న్యాయమని ప్రభువు చెప్పెను. పిమ్మట గిలాదు వంశపు పెద్దలు తమ భయమును తెలుపగా, వారి మాటయు ఆలకింపబడి కట్టడ మరల సవరింపబడెను (36:1-5). ఆ సవరణ కుమార్తెల వివాహ స్వేచ్ఛను కుదించెననుటయు సత్యమే. దానిని మేము దాచము. అయినను ఆచారము ఫిర్యాదుకు లోబడినదనియు, స్త్రీ ఫిర్యాదుతోనే ఆ విచారణ మొదలైనదనియు ఈ గ్రంథము సాక్ష్యమిచ్చుచున్నది.

4. నేటి చట్టము

1996 నాటి పెసా చట్టము ఆచార న్యాయమును, గ్రామసభ అధికారమును గుర్తించును. కాని అది అయిదవ షెడ్యూలు ప్రాంతములకే వర్తించును. మన జిల్లా కొండ గ్రామములు పెక్కు ఆ షెడ్యూలుకు వెలుపల నున్నవి. 2006 అటవీ హక్కుల చట్టము అట్లు కాదు; అది షెడ్యూలు వెలుపలను వర్తించును. దాని 4(4) విభాగము ప్రకారము పట్టా భార్యాభర్తల ఇరువురి పేర నుండవలెను. 2012 సవరణ ప్రకారము గ్రామసభకు హాజరైనవారిలో కనీసము మూడవ వంతు స్త్రీలుండవలెను. హిందూ వారసత్వ చట్టము (1956) కేంద్ర ప్రభుత్వ ప్రకటన లేనిదే షెడ్యూల్డు తెగలకు వర్తించదు. అయినను ఛత్తీస్‌గఢ్ గోండు కుటుంబపు వ్యాజ్యములో 2025 జూలై 17న సుప్రీంకోర్టు, నిషేధించు ఆచారము రుజువు కానప్పుడు స్త్రీకి వాటా నిరాకరించుట వివక్షయని తీర్పు చెప్పినది.

ముగింపు

కాపరి కులపెద్దల స్థానమును ఆక్రమింపనక్కరలేదు. విశ్వాసులను ఆ సభనుండి వెలివేయనక్కరలేదు. ఆ సభలో కూర్చున్న విశ్వాసియైన పెద్ద మోషేవలె “ఈ సంగతి ప్రభువు నడుగుదము” అని ఆగగలుగునట్లు బోధించుట మన పని. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అను అయిదు పేర్లను లేఖనము మరల మరల వ్రాసినది. మన గ్రామసభ పుస్తకములోను కుమార్తెల పేర్లు వ్రాయబడుచున్నవా అని మొదట మనమే అడుగవలెను.