నారికురుపును చుట్టి తీసిన చేతులు

ఉత్తర ఘనా పల్లెల్లో నారికురుపు వాలంటీర్లు ఆ ఊరివాళ్లే, చాలావరకు రైతులు, ఆడవాళ్లూ ఉండేవారు. ఇంటింటికీ తిరిగి, కొత్తగా ఎవరికి పొక్కు లేచిందో అడిగేవారు. చెరువు నీటితో పాటు కడుపులోకి పోయిన నారికురుపు పురుగు పిల్ల ఏడాదికి అటూ ఇటూగా, ఎక్కువగా మోకాలి కింద, తల బయటపెడుతుంది. అప్పటికి దాని పొడవు మీటరు దాకా ఉంటుంది. దీన్ని నయం చేసే మందు లేదు, టీకా లేదు. ఉన్నదల్లా వాలంటీరు చేతి నేర్పే.

పుండున్న కాలిని బకెట్ నీటిలో ముంచి, ఆ నీటిని చెరువుకు దూరంగా పొడినేల మీద పారబోసేవారు. పుండు కడిగి, పురుగు కొసను గాజుగుడ్డకో చిన్న పుల్లకో చుట్టి మెల్లగా లాగేవారు. రోజుకు కొన్ని సెంటీమీటర్లే. బిగువు తగలగానే ఆగిపోవాలి. తెగితే లోపల మిగిలిన ముక్క వల్ల కాలు వాచి చీము పడుతుంది. ఒక్కో పురుగుకు వారాలు పట్టేది. నొప్పికి ఏడ్చే పిల్లవాడి ముందు కూర్చుని అంత ఓపిక పట్టడం మామూలు విషయం కాదు. ఆపైన కట్టు కట్టి, ఆ ఇంటి వడపోత గుడ్డకు చిల్లులు పడ్డాయేమో చూసేవారు. నీటిలోని రోగాన్ని ఆపేది ఆ గుడ్డే మరి.

1989లో ఘనాలో దాదాపు 1,80,000 కేసులుండేవి. చివరి కేసు 2010లో వచ్చింది. ఈ రోగం లేని దేశమని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపత్రం ఇచ్చింది. ఒకప్పుడు ఆంధ్రప్రదేశ్ పల్లెలనూ పీడించిన ఈ రోగం నుంచి విముక్తి పొందినట్టు భారత్‌కు 2000లో ధ్రువపత్రం దొరికింది. ఘనా విజయంలో పెద్ద వాటా జీతం లేని ఆ ఊరి వాలంటీర్లదే.