అక్షరం ఎవరి సొత్తు?

సాహిత్య విమర్శకుడికి సాఫ్ట్‌వేర్‌తో ఏం పని అని అడిగేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. కొన్నేళ్ల కిందటి దాకా నేనూ వారిలో ఒకణ్ణే. రచయితకు నిబద్ధత ఉండాలి, వస్తువు ప్రజలది కావాలి, రూపం ఆ వస్తువుకు తగి ఉండాలి. మన చర్చలు ఇంతవరకే సాగుతూ వచ్చాయి. ఆ రచనను ఏ సాధనంతో రాస్తున్నాం, ఏ పెట్టెలో దాస్తున్నాం, ఆ పెట్టె తాళంచెవి ఎవరి దగ్గర ఉంది అన్న ప్రశ్నలను మాత్రం సాంకేతిక నిపుణులకు వదిలేశాం. ఉత్పత్తి సాధనాల గురించి ఇంతగా మాట్లాడే మనం మన సొంత ఉత్పత్తి సాధనం గురించి మౌనంగా ఉండటం విచిత్రం కాదా?

నన్ను ఈ ప్రశ్న దగ్గరికి తెచ్చింది సిద్ధాంతం కాదు, ఒక నష్టం.

2008లో దుత్తలూరు చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్లు పాడే పాటలు సేకరించాను. కలుపు పాటలు, పెళ్లి పాటలు, నర్రవాడ వెంగమాంబ పేరంటాలును తలుచుకుంటూ పాడే పాటలు. మూడు నోటుపుస్తకాలు నిండాయి. ఎక్కువ పాటలు పాడిన ముసలమ్మ, నేను రాసుకోవడం చూసి, "రాసుకున్నావు గదా అయ్యోరా, ఇంక యాడికీ పోవులే" అంది. వాటిని ఒక డీటీపీ సెంటర్‌లో కొట్టించి, సీడీలోకి ఎక్కించుకొని నిశ్చింతగా ఉన్నాను. నోటుపుస్తకాలను చెదలు తిన్నప్పుడు కూడా పెద్దగా బాధపడలేదు, సీడీ ఉంది కదా అనుకున్నాను. పదేళ్ల తర్వాత తెరిస్తే అందులో తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, కొక్కేలు. ఆ డీటీపీ సెంటర్ అప్పటికే మూతపడింది. వాళ్లు వాడిన ఫాంటు తాళం వేసిన సరుకు, కొన్న యంత్రం మీద తప్ప పనిచేయదు. ముసలమ్మ కూడా అప్పటికి లేదు.

ఏం జరిగిందో తర్వాత తెలుసుకున్నాను. ఆనాటి డీటీపీ ఫాంట్లు 'క'ను 'క'గా దాచుకోవు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరాల బొమ్మలను కూర్చోబెడతాయి. ఫైలులో ఉండేది ఆ స్థానం సంఖ్య మాత్రమే. ఫాంటు ఉన్నంతవరకే అది తెలుగు, ఫాంటు పోతే అర్థం లేని గుర్తుల గుంపు. తెలుగు అక్షరానికి ఏ కంపెనీతోనూ నిమిత్తం లేని సొంత స్థానం 1991లో వెలువడిన యూనికోడ్ ప్రమాణంతో లభించింది. కానీ మన అచ్చుపని, మన పత్రికల పని, ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి పాత పద్ధతిలోనే నడిచింది.

నా పూర్వ విద్యార్థి ఒకడు ఆ సీడీ చూసి, "అక్షరాలు పోలేదు సార్, తాళంచెవి పోయింది, అంతే" అన్నాడు. పాత ఫాంట్ల రాతను యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాం ఒకటి దించి చూపించాడు. మా ఫాంటు అందులో లేదు. మామూలు సరుకైతే కథ అక్కడితో ముగిసేది. కానీ ఆ ప్రోగ్రాం సోర్స్ కోడ్ బాహాటంగా ఉంది. ఏ గుర్తుకు ఏ అక్షరమో చెప్పే పట్టికలు అందులో మామూలు జాబితాల్లా కనిపించాయి. నా దగ్గర రెండు పాటల అచ్చు ప్రతి మిగిలింది. దాన్ని పక్కన పెట్టుకొని మా ఫాంటుకు మేమే పట్టిక రాశాం. నాలుగు ఆదివారాలు పట్టింది. 'ఘ' రెండు ముక్కలుగా ఉంది. క్రావడి హల్లుకు ముందే వస్తోంది, దాన్ని వెనక్కి జరపాలి. వ్యాకరణం తెలిసిన నేను, ప్రోగ్రాం తెలిసిన అతను కలిస్తేనే ఆ పని అయింది. చివరికి ముసలమ్మ పాట తెర మీద తెలుగులో కనిపించింది.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అంటే ఏమిటో నాకు ఆ నాలుగు ఆదివారాల్లో అర్థమైంది. దానికి నాలుగు స్వేచ్ఛలని చెబుతారు: ఏ పనికైనా వాడుకోవడం, లోపల ఎలా పనిచేస్తుందో చదివి మార్చుకోవడం, నకళ్లు పంచడం, మార్చిన దాన్ని కూడా పంచడం. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రాజెక్టును ప్రకటించినప్పుడు, 1989లో దానికి తగిన లైసెన్సు రాసినప్పుడు పెట్టిన షరతు ముఖ్యమైనది. దీన్ని తీసుకొని మార్చి పంచేవాడు, తనకు దక్కిన స్వేచ్ఛను తర్వాతివాడికి కూడా ఇవ్వాలి. లినస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన లినక్స్ పెరిగింది ఈ షరతు నీడలోనే. ఇంగ్లీషులో స్వేచ్ఛకూ ఉచితానికీ ఒకే మాట ఉండటంతో వాళ్లకు పదేపదే వివరించుకోవలసి వచ్చింది. మనకు ఆ ఇబ్బంది లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. 2005లో హైదరాబాదులో ఆరంభమైన ఉద్యమం తన పేరే 'స్వేచ్ఛ' అని పెట్టుకొని, కంప్యూటరును తెలుగులో మాట్లాడించే పనికి పూనుకుంది.

తెలుగులో ఈ ధోరణికి మంచి ఉదాహరణలు ఉన్నాయి. తిరుమల కృష్ణ దేశికాచారి పోతన, వేమన ఫాంట్లు చేసి అందరికీ ఇచ్చారు. వెన్న నాగార్జున 'పద్మ' అనే మార్పిడి సాధనం చేశారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు నాంది పలికింది కూడా ఆయనే. ఆ 'పద్మ'ను ఆధారం చేసుకొని వీవెన్ 'లేఖిని' రూపొందించారు. తెలుగు మీట తెలియని వేలమంది దానితో తెలుగు రాశారు. ఒకరి శ్రమ మీద మరొకరి శ్రమ నిలబడటం, ఎవరి పేరూ చెరిగిపోకపోవడం ఇక్కడి విశేషం. మన జానపద గేయం కూడా ఇలాగే పెరిగింది. తేడా ఒక్కటే: జానపదంలో పేరు మిగలలేదు.

సాహిత్య విద్యార్థులు ముఖ్యంగా చూడవలసింది వికీసోర్స్. కాపీహక్కు తీరిన పుస్తకాలను అక్కడ పుట బొమ్మ ఒకవైపు, టైపు చేసిన పాఠం మరొకవైపు ఉంచి దిద్దుతారు. దిద్దని పుట ఎరుపు, ఒకరు దిద్దినది పసుపు, రెండోవారు సరిచూసినది ఆకుపచ్చ. ఎవరు ఏ అక్షరాన్ని ఎప్పుడు మార్చారో చరిత్రలో నిలిచి ఉంటుంది. ఇది పాఠ పరిష్కరణ కాక మరేమిటి? బ్రౌను తాళపత్ర ప్రతులను పోగుచేయించి, పండితుల చేత పాఠాలు సరిపోల్చి చూపించిన పనికి ఇది వారసత్వం. మన ప్రబంధాలను అచ్చువేసిన పరిష్కర్తలు ఎన్నోచోట్ల పాఠాన్ని మార్చి, మార్చినట్టు చెప్పలేదు. ఇక్కడ అలా దాచడం కుదరదు. బటర్‌వర్త్, వేణుగోపాల చెట్టి 1905లో మూడు సంపుటాలుగా ప్రచురించిన నెల్లూరు జిల్లా శాసనాలను నేను ఎం.ఏ. రోజుల్లో పేరుగా మాత్రమే విన్నాను. ఇవాళ దుత్తలూరు బడిలో కూర్చొని, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉదయగిరి తాలూకా శాసనాలు తిప్పి చూస్తున్నాను. 1914లో బెజవాడలో సమావేశమైన గ్రంథాలయోద్యమకారులు కోరుకున్నది ఇదే కదా. కొమర్రాజు లక్ష్మణరావు 1923లో మరణించేనాటికి ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం అకారంలోనే ఉంది. ఒక మనిషి ఆయుష్షుకు మించిన పనిని సమష్టి శ్రమ ఎలా అందుకుంటుందో వికీపీడియా చూపించింది.

అయితే మెచ్చుకోలుతో ఆగితే అది విమర్శ కాదు.

మొదటిది: 'లేఖిని' పద్ధతిలో తెలుగు రాయాలంటే ఇంగ్లీషు అక్షరాల గుండా పోవాలి. మా ఆరో తరగతి పిల్ల 'అమ్మ' రాయడానికి ముందు ఇంగ్లీషులో తలచుకోవాలి. చదువుకున్న మధ్యతరగతికి ఇది సౌకర్యం. ఆ పిల్లకు ఇది మరో గడప. తెలుగు వర్ణక్రమాన్నే మీటల మీద అమర్చిన ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి ఉంది, దాన్ని బడిలో నేర్పవలసిన బాధ్యత మనది.

రెండోది: మాండలికం. అక్షరదోషాలు చూసే సాధనం దగ్గర ఏ తెలుగు ఉంటే అదే ఒప్పు. ముసలమ్మ 'యాడికీ'ని నా కంప్యూటరు తప్పుగా చూపి కింద ఎర్రగీత గీసింది. గిడుగు రామమూర్తి ఏ గీతకు వ్యతిరేకంగా పోరాడాడో అదే గీత. స్వేచ్ఛగా దొరికే ఫాంట్లలో ఒకదాని పేరు గిడుగు. పేరు పెట్టుకోవడం సులువు, ఆయన పని కొనసాగించడం కష్టం. కానీ పదాల జాబితా బాహాటంగా ఉంటే 'యాడికీ'ని మనమే చేర్చవచ్చు. మూసి ఉంటే కంపెనీకి విన్నపం పెట్టుకోవాలి. ఆ తేడా చిన్నది కాదు.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, వెబ్ సేవల సంగతి. ఉచితంగా దొరికే సేవ స్వేచ్ఛ కలిగిన సేవ కానక్కరలేదు. ప్రోగ్రాం నా యంత్రం మీద నడిస్తే దాని సోర్స్ కోడ్ అడిగే హక్కు లైసెన్సు నాకు ఇస్తుంది. అదే ప్రోగ్రాంను ఎవరో తమ యంత్రం మీద నడిపి, ఫలితం మాత్రం నాకు చూపితే, అది పంచడం కిందికి రాదని పాత లైసెన్సు లెక్క. ఈ కన్నాన్ని పూడ్చడానికి 2007లో గ్నూ ఎఫెరో లైసెన్సు వచ్చింది. దాన్ని వాడేవారు తక్కువ. వేలమంది స్వచ్ఛంద శ్రమతో తయారైన సాఫ్ట్‌వేర్ పెద్ద కంపెనీల లాభాలకు పునాదిగా ఉండటం ఈ ఉద్యమంలోని అసలు వైరుధ్యం. 1998లో కొందరు 'ఓపెన్ సోర్స్' అన్న కొత్త పేరు తెచ్చి, నీతిని పక్కకు జరిపి ప్రయోజనాన్ని ముందుకు తెచ్చినప్పుడే ఈ దారి పడింది. కళ కళ కోసమేనన్న వాదంతో తలపడిన మనకు ఈ తగాదా కొత్తది కాదు. ఎవరి ప్రయోజనం అన్న మన పాత ప్రశ్న ఇక్కడా అడగవలసిందే.

నా పాటల విషయంలో ఆ ప్రశ్న నాకే ఎదురైంది. అందరికీ ఇచ్చేద్దామని నా విద్యార్థి అన్నాడు. మార్చినవారు కూడా అదే షరతు మీద పంచాలనే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు పెడదామన్నాడు. మంచిదే. కానీ ఆ లైసెన్సు వ్యాపారాన్ని అడ్డుకోదు. రేపు ఏ సినిమావాళ్లో ఈ పాట తీసుకొని డబ్బు చేసుకుంటే, కలుపు తీస్తూ పాడిన మనిషి కుటుంబానికి దక్కేదేమిటి? అసలు ఇవ్వడానికి నేనెవర్ని? రాసుకున్నవాణ్ణే గాని పాడినవాణ్ణి కాను. చివరికి ముసలమ్మ మనవరాలి దగ్గరికి వెళ్లి అంతా వివరించాను. ఆమె వెంటనే ఔననలేదు. "అవ్వ పేరు ఉంటదా?" అని అడిగింది. ఉంటుంది, తీసేయడం షరతు ప్రకారం తప్పు అన్నాను. "అట్లయితే పెట్టు. దాచిపెడితే ఏమయిందో చూసినావు గదా" అంది. పాటలు ఆమె అవ్వ పేరుతోనే అందరికీ అందుబాటులో ఉంచాను. సినిమావాళ్ల ప్రశ్నకు నా దగ్గర ఇంకా పూర్తి సమాధానం లేదు.

కనుక మన సంఘాన్ని నేను అడిగేవి మూడు. పత్రిక ప్రతి సంచికనూ యూనికోడ్‌లో ఒక ప్రతి దాచాలి. పాత సంచికలను రచయితలతో, వారి వారసులతో మాట్లాడి బాహాట లైసెన్సు మీద విడుదల చేయాలి. మన చట్టం ప్రకారం రచయిత మరణించిన తర్వాత 60 ఏళ్ల దాకా హక్కు నిలుస్తుంది. శ్రీశ్రీ 1983లో పోయారు, ఆయన రచనలకు 2043 దాకా ఆగాలి. అనుమతులు అడగకుండా కూర్చుంటే మన సాహిత్యంలో చాలాభాగం సీడీల్లోనే చస్తుంది. మూడోది: ఒక్కొక్క సభ్యుడు వికీసోర్స్‌లో వారానికి ఒక పుట అయినా దిద్దాలి.

పుస్తకం ప్రజల చేతికి రావాలని మనం ఎన్నో వేదికల మీద అన్నాం. మొదట మన సంఘం బీరువాలో సీడీలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, వాటిలో ఎన్ని ఇంకా తెలుగులో తెరుచుకుంటాయో చూద్దాం.